అరవై అడుగుల గుట్ట

అతుకు దగ్గర తుమ్మచెట్టు రెండుగా చీలి కనిపిస్తోంది. మల్లిక మౌసును వెంట్రుకవాసి జరిపింది. చెట్టు ఒకటైంది. తర్వాతి ఫోటో తెరిచి, దాని అంచును ముందుదాని అంచుకు ఆనించి, రాళ్లు రాళ్లతో కలిశాయో లేదో చూసింది. ఇలా రెండు వందల నలభై ఫోటోలు. మూడు రోజుల నుంచి అదే పని.

నల్లగొండ గడియారం సెంటరుకు రెండు సందుల అవతల ఉంది ఆ ఫ్లెక్సీల దుకాణం. అందులో ఆమె చేరి ఐదేళ్లు దాటింది. మొదట ఫ్లెక్సీల అంచులకు రింగులు కొట్టేది. ఇంటర్ చదివిందని తెలిసి, దుకాణం యజమాని విజేందరే కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. పుట్టినరోజు ఫ్లెక్సీల్లో నాయకుల ముఖాలకు రంగు తేల్చడం, దశదినకర్మ ఫోటోల్లో బతికుండగా కోటు ఎరుగని ముసలివాళ్లకు కోటు తొడగడం ఆమె పని. ముప్పై ఆరేళ్ల మనిషి. సన్నగా, కొద్దిగా ముందుకు వంగి ఉంటుంది. కుడి మణికట్టు మీద రేగుపండంత కాయ కాసింది. పళ్ల మీద సొంతూరు మర్రిగూడ ఫ్లోరైడు నీళ్ల గోధుమ చారలున్నాయి కాబట్టి, నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. దుకాణానికి వచ్చేవాళ్లకు ఆ చెయ్యి గుర్తుంటుంది గానీ ముఖం గుర్తుండదు.

ఇప్పుడు కలుపుతున్నది మర్రిగూడ దగ్గరి ఎర్రగుట్ట బొమ్మ. హైదరాబాదు నుంచి సతీశ్ అనే ఫోటోగ్రాఫరు వచ్చి, ఎదురు గుట్ట మీద కెమెరా నిలబెట్టి, ఒక ఉదయమంతా వరసలు వరసలుగా తీశాడు. అన్నీ కలిపితే ఒకే ఫోటో అవుతుంది. ఎంత దగ్గరికి లాగి చూసినా మసకబారదు. ఆ గుట్టను కొట్టి కంకర అమ్మే మురళీమోహన్ కొత్తగా ఫంక్షన్ హాలు కట్టాడు. లోపలి గోడకు అరవై అడుగుల పొడవున, గుట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉండాలన్నాడు.

మూడు రోజుల కింద ఆయనే దుకాణానికి వచ్చాడు. మల్లిక పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, తెర మీద వేలు పెట్టాడు.

“గీడ కొట్టిన జాగంత పచ్చగ జెయ్యమ్మా. గుట్ట నిండుగ కనపడాలె. గా కింద చెలకల తెల్లగ బొందొకటి ఉన్నది సూడు, దాన్ని లేపెయ్యి.”

మల్లిక తలూపింది. ఆయన ఆమె ముఖంలోకి చూసే మాట్లాడాడు. గుర్తుపట్టలేదు.

ఆరేళ్ల కింద క్వారీ గేటు ముందు ఆమె ఆయన కాళ్లు పట్టుకుంది. పక్కనే టార్పాలిన్ కింద ఆమె భర్త ఎల్లస్వామి ఉన్నాడు. పదకొండేళ్లు ఆ గుట్ట మీద డ్రిల్లు పట్టిన మనిషి. పేలకుండా మిగిలిన మందు మీద డ్రిల్లు దిగడంతో అది పేలి చనిపోయాడు. “వాడు పనిల సావలే. హద్దురాయి అవుతల మాకు పనే లేదు. వైరు దొంగతనానికి పొయ్యి సచ్చిండు,” అన్నాడు మురళీమోహన్. కాగితాల్లోనూ అదే మాట ఎక్కింది. ఊళ్లోనూ అదే నిలబడింది. మల్లిక అత్త బిక్షమ్మ నల్లా దగ్గరికి పోవడం మానేసింది. కొడుకును సొంత చెలకలో, గుట్ట కిందే పెట్టి, సమాధి కట్టించి, దాని మీద నల్లరంగుతో రాయించింది: ‘ఎల్లస్వామి. గుట్ట పనిల పానం ఇడిసిండు. దొంగ గాదు.’ ఆమెకు చదువు రాదు. రాసినవాడితో మూడుసార్లు చదివించుకుని గానీ రంగు డబ్బా ఎత్తుకుపోనివ్వలేదు.

మధ్యాహ్నం పన్నెండు దాటాక మల్లిక చివరి అతుకు కలిపింది. ఇక చెరపాల్సినవి చెరపాలి. కొట్టిన జాగాను దగ్గరికి లాగింది. క్వారీకి సర్కారు ఇచ్చిన జాగా అక్కడితో ఆఖరని చెప్పే, సున్నం పూసిన హద్దురాయి కనిపించింది. దానికి అవతల, ఎల్లస్వామి పోయిన చోటు. ఊరి వైపు నుంచి చూస్తే మట్టి కుప్పలు అడ్డం. గేటు లోపలికి ఎవరినీ రానివ్వరు. ఆమె ఆ చోటును చూడడం ఇదే మొదలు. ఇంకా దగ్గరికి లాగింది.

ఎల్లస్వామి పోయినప్పుడు ఆ చోటును కప్పెయ్యడానికి క్వారీవాళ్లు పోసిన చెత్తరాయి వానలకు జారిపోయినట్టుంది. బండ బయటపడింది. బండ మీద పైనుంచి కిందికి, నిట్టనిలువుగా, మూరెడు మూరెడు దూరంలో ఏడు గాట్లు. డ్రిల్లు దింపి పేలిస్తే రంధ్రంలో సగం బండకే మిగిలి, కాలువలా ఉంటుందని ఎల్లస్వామి అన్నం తింటూ ఎన్నోసార్లు చెప్పేవాడు. ఏడూ హద్దురాయికి అవతలే ఉన్నాయి. వైరు దొంగిలించడానికి వచ్చినవాడు డ్రిల్లు నడిపే కంప్రెసరు మోసుకొచ్చి ఏడు రంధ్రాలు వెయ్యడు.

ఆమెకు ఏడుపు రాలేదు. ఆకలైంది. టిఫిను తెరిచి, రెండు జొన్నరొట్టెలూ చింతకాయ తొక్కుతో మెతుకు మిగలకుండా తింది. చేతులు కడుక్కుని వచ్చి రెండు బొమ్మలు తయారు చేసింది.

మొదటిది ఫోనుకు సరిపోయేంత చిన్నది. అందులో సమాధి లేదు, హద్దురాయి లేదు, కొట్టిన జాగా అంతా పచ్చగడ్డి. దాన్ని మురళీమోహనుకు పంపింది. ‘సూపర్’ అని జవాబొచ్చింది. రెండోది మిషనుకు. అందులో ఒక్క గీత కొత్తగా గీయలేదు, ఒక్క గీత చెరపలేదు. గోడ కొలతల కాగితం పక్కన పెట్టుకుని, ఓపెనింగులో ముట్టించే దీపపు స్తంభం ఎక్కడ పెడతారో చూసుకుని, బొమ్మను మాత్రం రెండడుగులు పైకి జరిపింది. సమాధీ ఏడు గాట్లూ సరిగ్గా అక్కడ, నిలబడ్డ మనిషి కళ్లకు ఎదురుగా వచ్చాయి.

సాయంత్రం నాలుగింటికి, ఐదు పట్టాలుగా అచ్చవుతున్న బొమ్మలో మూడో పట్టా మిషను నుంచి దిగుతుంటే విజేందర్ వచ్చి నిలబడ్డాడు. అగ్గిపెట్టెంత సమాధి. చీమ తలకాయలంత అక్షరాలు. వంగి చదివాడు.

“మల్లికా, గిదేంది?”

“ఆపాల్నంటే ఆపున్రి అన్నా.”

“రేపు పొద్దుగాల ఓపెనింగు. నా దుకాణం మీదికొస్తడు.”

“అంత నేనే జేసిన్నని కాయితం రాసి, సంతకం వెట్టి, టేబుల్ల వెట్టిన. రేపటిసంది నేను రాను. మర్రిగూడకు పోత, అత్తొక్కతే ఉన్నది. గీ ఫోటో వట్టుకొని తిరిగే ఆఫీసులు శానున్నయ్.”

“ఆరేండ్లయె. ఇంక గంత పగనా?”

మల్లిక దిగుతున్న బొమ్మనే చూస్తోంది. “నన్ను గుర్తువట్టలే అన్నా. నా పక్కన కూసొని, నా పెనిమిటి బొంద నన్నే లేపెయ్యమన్నడు. గుర్తువట్టి జర బెదిరినా, గీ పగ సగమయ్యేదేమో.”

విజేందర్ చెయ్యి మిషను ఆపే ఎర్ర మీట మీద ఉంది. తర్వాత చెయ్యి తీసి, పోయి షట్టరు సగం దించాడు, ఎవరూ లోపలికి రాకుండా. “తడి ఆరనియ్యి. మడత వడితె అచ్చరాలు పోతయ్,” అన్నాడు.

ఐదు పట్టాలూ చుట్టి ఆటోలో వేశాక, మల్లిక దుకాణం తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, పొద్దు గుంకకముందే మర్రిగూడ బస్సెక్కింది. పనివాళ్లు రాత్రికి ఫ్లెక్సీ బిగించి, మురళీమోహన్ చెప్పినట్టే పైనుంచి కింది దాకా తెర కప్పారు.

మర్నాడు తొమ్మిదింటికి హాల్లో మూడు వందల మంది ఉన్నారు. ముందు వరసలో గనుల శాఖ ఆఫీసరు ఉన్నాడు. తెర జరగగానే చప్పట్లు కొట్టారు. దీపం ముట్టించడానికి ముందుకొచ్చిన ఆడవాళ్లలో ఒకామె గోడ వైపు వంగి, పైకే చదివింది. “ఎల్లస్వామి... గుట్ట పనిల పానం ఇడిసిండు... దొంగ గాదు.” ఆఫీసరు కళ్లద్దాలు పెట్టుకుని లేచి వచ్చాడు. తెల్ల హద్దురాయి మీద వేలు పెట్టి, అక్కడి నుంచి అవతలికి, ఒక్కొక్క గాటూ లెక్కపెట్టాడు. ఏడు లెక్కపెట్టి మురళీమోహన్ వైపు తిరిగాడు. ఆయన చేతిలో కొవ్వొత్తి వెలుగుతూనే ఉంది. వత్తి ముట్టించడం మర్చిపోయాడు.

పదిన్నరకు విజేందర్ ఫోను మోగింది. అవతల అరుపు.

“గీ పని జేసిందెవలు? ఎవతె అది?”

“మీరు సూసిన మనిషే సారు,” అన్నాడు విజేందర్. “ఆ దినం మీ పక్కనే కూసున్నది.”

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగాడు. మిషను వేడెక్కకుండా దుకాణంలో ఎప్పుడూ ఏసీ ఉంటుంది. ఆ చలికి మే నెలలో కూడా మల్లిక తొడుక్కునే మెరూన్ స్వెటరు ఖాళీ కుర్చీ వీపుకు వేలాడుతోంది. కుడి మోచేతి దగ్గర, ఐదేళ్లు బల్లకు రాసుకుని రాసుకుని, ఉన్ని దారాలు పైకి లేచి ఉన్నాయి.