పల్లానికి వేసిన పసుపు రంగు

మా ఆయన వాతావరణ ఆఫీసు కోసం తయారుచేసిన పటంలో మా ఇల్లున్న పల్లం పసుపు రంగు. మా అక్క ఇల్లున్న గట్టు నీలం. పసుపంటే వెచ్చన, నీలమంటే చలి. మరి మా పిచ్చుకకి పసుపులో పిల్లికూతలు, నీలంలో హాయిగా నిద్ర. ఇదెక్కడి న్యాయమో నాకు అంతుపట్టలేదు.

పిచ్చుక మా అమ్మాయి. ఇంకా మూడేళ్ళు నిండలేదు. చలి మొదలైందంటే దాని వీపుకి చెవి ఆనించి పడుకోవడమే నా పని. కూత వినబడితే భయం, వినబడకపోతే ఇంకా భయం. ఈసారి పెదాలు నల్లబడి ఆసుపత్రికి పరిగెత్తాం. డాక్టరమ్మ ఖండితంగా చెప్పేసింది: "దీనికి చలి పడదమ్మా. కొన్నాళ్ళు వేరే చోట ఉంచండి." ఆయన ఆఫీసూ, ఆఫీసు వాళ్ళిచ్చిన ఈ ఇల్లూ పల్లంలోనే. మంచం పట్టిన అత్తగారిని వదిలి నేను కదల్లేను. పిల్లని అక్క తీసుకెళ్ళింది. వారం తిరక్కుండానే పిల్లికూతలు పోయాయి. అలా నెలలు గడిచాయి, చలి మాత్రం తగ్గలేదు.

"పటం ప్రకారం మనదే వెచ్చటి చోటు కదండీ. అయితే దానికి పడనిది చలి కాదు, దుమ్మూ ధూళీ అయ్యుంటుంది. ఇల్లంతా కడిగేస్తాను, తెచ్చేసుకుందాం" అన్నాను ఒకరోజు. పదో తరగతిలో ఆగిపోయిన చదువు నాది. అచ్చులో కనబడిన రంగుని కాదనే ధైర్యం లేదు. పైగా ఆ రంగు నా పక్షం మాట్లాడుతోంది.

ఆయన పటం మీద మా పల్లాన్ని వేలితో తడిమారు. "ఇక్కడ అసలు థర్మామీటరే లేదు. ఉన్నవి ఎక్కడో ఒకటీ అరా. మధ్యదంతా లెక్కకట్టి నింపిందే."

"ఏం లెక్కండీ అది?"

"ఎత్తుకి పోయేకొద్దీ చల్లబడుతుందని ఒక లెక్క. ఆపైన చుట్టుపక్కల థర్మామీటర్లు ఏం చెబుతున్నాయో చూస్తాం. దగ్గరున్నదాని మాటకి విలువెక్కువ, దూరందాని మాటకి తక్కువ."

"అంటే మనింటి సంగతి పక్కింటివాళ్ళనడిగి రాశారన్నమాట!"

ఆయన నవ్వలేదు. మర్నాడే రెండు థర్మామీటర్లు తెచ్చి ఒకటి మా పెరట్లో, ఇంకోటి అక్కావాళ్ళ పెరట్లో పెట్టారు. రాత్రి చలి ఎంతకి దిగితే అంత దగ్గర లోపలి సన్నపుల్ల ఆగిపోతుంది. పొద్దున్నే చదివి, వంచి, పుల్లని మళ్ళీ మొదటికి జార్చాలి. ఆ పని ఇక్కడ నాది, అక్కడ బావది. మబ్బు పట్టిన రాత్రుల్లో రెండుచోట్లా ఒక్కలాగే వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"తొందరపడకు. అసలు చలి దిగేది మబ్బులేని రాత్రే, అలాంటిదొక్కటి చూద్దాం. అప్పుడు మనదే వెచ్చగా ఉంటే పిల్లని తెచ్చుకుందాం" అన్నారాయన.

ఆ ఆదివారం పిల్లని చూడ్డానికి వెళ్ళాను. అక్కావాళ్ళిల్లంటే బావ వడ్రంగి షెడ్డు వెనక రెండు గదులు. బావ చిత్రిక పడుతూ తలెత్తాడు.

"ఏం మరదలా! మా తోడల్లుడి పటం ప్రకారం మేమీపాటికి గడ్డకట్టుకుపోవాలే! చూడు, చెమటలు!"

"అది మీ చిత్రిక చలవ బావా, గాలిది కాదు" అన్నాను.

"పిన్నొచ్చింది!" అంటూ అక్క కొడుకులిద్దరూ పరిగెత్తుకొచ్చారు. వాళ్ళ వెనకే పిచ్చుక, జుట్టునిండా రంపంపొట్టుతో.

"పిన్నీ!" అంది అది కూడా.

"ఓసి నీ తెలివి తెల్లారినట్టే ఉంది! పిన్నేంటే? అమ్మ!" అంది అక్క. పిల్ల అక్క కాళ్ళ వెనక దాక్కుని, ఒక కన్నుతో నన్ను చూసి, మళ్ళీ "పిన్ని" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పక్కనున్నవాళ్ళ మాటే కదా అది పట్టుకుంది.

ఒళ్ళో కూచోబెట్టుకుని జుట్టులో పొట్టు ఏరాను. వీపుకి చెవి ఆనిస్తే ఊపిరి సాఫీగా ఆడుతోంది, అంత దుమ్ములోనూ. ఆ సంగతి ఇంటికొచ్చాక ఆయనతో చెప్పలేదు. "ఎలాగైనా తెచ్చేసుకుందామండీ. ఇంకొన్నాళ్ళు పోతే నా మొహం కూడా మర్చిపోతుంది" అని మాత్రం అన్నాను.

రెండ్రోజులకి మబ్బు విడిచింది. తెల్లారి పెరట్లోకి వెళ్ళేసరికి గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. పుల్ల రెండు డిగ్రీల దగ్గర ఆగింది. లోపల ఆయన బావతో ఫోనులో మాట్లాడుతున్నారు. "మీకు ఎనిమిదా? ఉండండి, మాది చూస్తోంది... ఎంతే?"

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. ఈ నిజం దేవుడితోపాటు నాకొక్కదానికే తెలుసు. థర్మామీటరు బుడ్డిని గుప్పిట్లో పట్టుకున్నాను. లోపలి రంగునీళ్ళు పైకి పాకాయి. కాస్త వంచాను. పుల్ల మెల్లగా జారి పది దగ్గర ఆగింది.

అంకె మారింది గానీ గడ్డి మీద మంచు కరగలేదు. ఆ పదిని నమ్మి ఈ పల్లంలో పడుకోబోయే పిల్ల నల్లబడ్డ పెదాలు గుర్తొచ్చాయి.

"రెండండీ" అన్నాను.

ఆయన బయటికొచ్చి, థర్మామీటరుకేసి కాకుండా మంచుకేసి చూస్తూ నిలబడ్డారు. "చల్లగాలి కూడా నీళ్ళలాగే దిగింది. గట్టు మీది చలంతా రాత్రికి మన పల్లంలోకొచ్చి నిలిచిపోతోంది" అన్నారు. వంగి ఆ మంచుని వేలితో తడిమి, "ఊళ్ళన్నిటికీ లెక్కలు కట్టి, మనింటినే తప్పు రాశాను" అన్నారు. ఆ సాయంత్రం పటంలో మా పల్లం కూడా నీలమైంది.

అక్కకి నేనే ఫోను చేశాను. "చలి పోయేదాకా నీ దగ్గరే ఉంచక్కా."

అక్క ఫోను పిల్లకిచ్చింది.

"పిన్నీ!"

"అమ్మా అనవే, అమ్మా" అని వెనకనుంచి అక్క గొంతు.

"ఉండనీలే అక్కా" అన్నాను. "ఆఁ, పిన్నినే తల్లీ. తిన్నావా?"

"తిన్నా" అంది, గొంతులో ఒక్క కూత కూడా లేకుండా.