మన్ను కప్పని విత్తనం

అరబ్బు దేశంలో, అర్దియా అనే పేటలోని ఆ ఇంటి ముందు నాలుగేళ్లుగా పూస్తున్న ఎర్ర సాల్వియా పూలు సంజీవమ్మవి. వాటికొచ్చిన పేరు ఆమె మొగుడు నాగేంద్రది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

ఆ ఇంట్లో ఆమెది వంట, అంట్లు, ఇస్త్రీ. అతను కారు తోలుతాడు, తోటకు నీళ్లు పెడతాడు. నాలుగేళ్ల కిందట ఇంటావిడ కొన్న కుండీ మొక్కలు ఎండలు ముదిరి మాడిపోతే, అతను పీకి చెత్తడబ్బా పక్కన పడేశాడు. సంజీవమ్మ ఎండిన పూల వెన్ను ఒకటి అరచేతిలో విదిలించి చూసింది. పువ్వు రాలిన గొట్టాల్లోంచి నల్లటి గింజలు పడ్డాయి. అప్పటినుంచి అందరూ మధ్యాహ్నం పడుకున్నాక, తను నడుం వాల్చాల్సిన గంటను ఆమె వాటికిచ్చింది. పండిన గింజ చిన్న గాలికే రాలిపోతుంది. అందుకని ఇంటావిడ పారేసిన పలచటి మేజోళ్లు కత్తిరించి వెన్నులకు తొడిగి, దారంతో కట్టేది. అక్టోబరులో తడిమట్టి మీద చల్లేది. తడి తగలగానే గింజలు సబ్జాల్లా జిగురు పట్టి మట్టిని కరుచుకునేవి. పైన మన్ను కప్పితే మొలవవు. ఎవరూ చెప్పలేదు ఆమెకు. మొదటి ఏడాది కప్పినవన్నీ పోయి, చేయి జారి అంచున పడినవే మొలిచాయి.

ఆ సంగతి మొగుడికి చెప్పింది.

"కప్పకుండా యెవురన్నా విత్తుతారా? తాతల కాలం నుంచి చెనిక్కాయల సేద్యం మాది. నువ్వు నేర్పుతావా నాకు?" అన్నాడు.

పోయిన చలికాలం ఇంటావిడ చెల్లెలు వచ్చి ఆ పూల ముందు నిలబడిపోయింది. "వాయిద్ హిల్వా," చాలా బాగున్నాయంది. ఎవరు పెంచారని అడిగింది. టీ పళ్లెం పట్టుకుని సంజీవమ్మ అక్కడే ఉంది.

"అనా," అన్నాడు నాగేంద్ర. నేను. అరబ్బీలో అతనికి తడబడకుండా వచ్చిన మాట అదొక్కటే.

"నా పేరు చెప్పింటే నీదేం పాయ?" అని అడిగిందామె, గదికి పోయాక.

"మొగుడూ పెండ్లాల్లో నీదీ నాదీ ఏముందే?"

ఊరి నుంచి ఫోనులో అత్త కూడా అదే పాట. "మొగునికి పేరొస్తే మురిసిపోవాల గానీ, కుళ్లుకుంటారా?"

సంజీవమ్మది కుళ్లు కాదు. కూరలో ఉప్పెక్కువైతే అది సంజీవమ్మ వండింది. కూర కుదిరితే ఆ ఇంట్లో వంట బాగుంటుంది. చొక్కా కాలితే ఆమె కాల్చింది. మడత నిలిస్తే అది మంచి బట్ట. పుట్టింట్లో, అత్తింట్లో, ఈ ఎడారిలో ఒకటే లెక్క. బాగున్నదాన్ని చూపించి ఒక్క మనిషి, ఒక్కసారి తన పేరు పలకాలి. ఆమె కోరిక అంతే.

ఈ అక్టోబరులో ఇంటావిడ చెల్లెలు తన కొత్తింటి గోడ పొడవునా అవే పూలు కావాలంది. సంజీవమ్మ దాచిన విత్తనాల డబ్బాను నాగేంద్ర ఆమెను అడక్కుండానే తీసుకున్నాడు. ఆ ఇంటి కిటికీలు తుడవడానికి వెళ్లిన సంజీవమ్మ అద్దంలోంచి చూసింది. అతను సాళ్లు తీశాడు, గింజలు వేశాడు, మన్ను కప్పాడు, పాదంతో అదిమాడు. చెప్పాల్సింది ఆమె ఎప్పుడో చెప్పేసింది. అద్దం తుడిచింది.

నెల గడిచినా ఒక్కటి మొలవలేదు. ఇంటావిడ వంటింట్లోకి వచ్చి ఇద్దరినీ నిలబెట్టి అడిగింది.

"విత్తనం చెడిపోయింది మామా," అన్నాడు నాగేంద్ర. ఇంటావిడను పనివాళ్లు మామా అనే పిలుస్తారు. "దాచింది సంజీవే."

"సంజీవా! చెడగొట్టింది నువ్వా?"

నాలుగేళ్లలో ఆ పూల పక్కన తన పేరు వినడం ఆమెకు అదే మొదటిసారి.

విత్తనమంతా ఒకేచోట ఉంచకూడదని సంజీవమ్మ ప్రతి ఏడూ ఆ డబ్బాలోంచి ఒక పిడికెడు పాత చీర కొంగులో కట్టి పెట్టెలో దాచేది. ఆ మూట విప్పింది. వంటింటి కిటికీ దగ్గర, ఇంటావిడ కళ్లెదుటే ఒక పాత పళ్లెంలో మట్టి పోసి తడిపి, గింజలు చల్లి వదిలేసింది. పదోనాడు పళ్లెం నిండా రెండేసి ఆకులు.

ఆ సాయంత్రం అక్కాచెల్లెళ్లు టీ తాగుతున్నారు. నాగేంద్ర కారు తాళాలతో గుమ్మంలో ఉన్నాడు. ఆమె పళ్లెం తెచ్చి వాళ్ల మధ్య పెట్టింది.

"ఆ డబ్బాలోవీ ఇవీ ఒకటే విత్తనాలు మామా. చెడిపోలేదు. మన్ను కప్పకూడదు."

"మరి ఇన్నేళ్లూ పెంచింది ఎవరు?" అంది ఇంటావిడ.

"అనా," అంది సంజీవమ్మ.

ఇంటావిడ నాగేంద్ర వైపు చూసింది. అతను తాళాల వైపు చూశాడు.

"సంజీవా," అంది చెల్లెలు మెల్లగా, ఆకుల్ని వేలితో తాకి. "వాయిద్ హిల్వా."

గదిలో అతను మండిపడ్డాడు. "నలుగుర్లో నా పరువు తీసేస్తివి గదే!"

"నీది నేనేం తియ్యలేదు. నాది నేను తీసుకుంటి. నారు ఎదిగినాక నాటేదానికి నేనే పోతా. ఆ పొద్దు కారు తీసుకురా."

మూడు వారాల తర్వాత అతను కారు తెచ్చాడు. ఆమె పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దారి పొడవునా అతను ఒక్క మాటే అన్నాడు.

"ఈ పూల మాట నా దగ్గర ఇంక ఎత్తొద్దు. చచ్చేదాకా నా నోట రాదు."

అన్నట్టే, ఆ మాట మళ్లీ అతని నోట రాలేదు.