వెనక కాపలా

టైల్స్ షాపులో పొద్దస్తమానం "ఈ రంగు కాదయ్యా, ఇంకోటి తీయి" అనిపించుకునే మనిషి, ఆదివారం మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కూర్చుని హెడ్‌సెట్ తగిలించుకున్నాడంటే చాలు, కెప్టెన్ అయిపోతాడు. ఏడుగురు సైనికులు ఆయన లెమ్మంటే లేస్తారు, పడుకోమంటే పడుకుంటారు. తెర మీదేలెండి! కానీ ఆ దర్జా చూస్తే నిజం సైన్యం ఏ మూలకి?

ఆ దళంలో చివరివాడు ఆయన బామ్మర్ది. అందరూ వాణ్ని తోక అనే పిలుస్తారు. అక్కాబావల దగ్గరే ఉంటాడు, ఆడేది పక్క గదిలోంచే. వారమంతా కోల్డ్ స్టోరేజీలో పెట్టెలు మోస్తాడు. ఆ చలిలో పలకరించే నాథుడు ఉండడు. అందుకని ఆటలోకి రాగానే వాగుతాడు. "బావా, కుడివైపు పొగమంచు. బావా, ఇక్కడో గొర్రె. బావా, గొర్రె నా వంకే చూస్తోంది." పిచ్చి సన్నాసి, వాడికున్న స్నేహితులల్లా ఆ దళమే. అదీ పోతే వాడికి ఇంకేమీ మిగలదు. ఆ సంగతి వాడికీ తెలుసు, బావకీ తెలుసు.

కెప్టెన్‌కి పద్ధతి అంటే ప్రాణం. బయలు దాటేటప్పుడు దళం బాణం మొనలా విచ్చుకోవాలి, ఒక్క బాంబుకి ఇద్దరు పోనంత ఎడంగా. ఇరుకు దారిలో ఒకరి వెనక ఒకరు. ఆగినప్పుడల్లా తలా ఒక దిక్కు చూడాలి. చివరివాడు వెనక్కి తిరిగి కాపలా కాయాలి, కెప్టెన్ చెప్పందే తుపాకీ పేల్చకూడదు. ఇవన్నీ ఎక్కడైనా ఉండేవే. ఈయన సొంతంగా కనిపెట్టిన రూలు ఇంకోటుంది. ఎవడూ అందరికీ వినబడేలా మాట్లాడకూడదు. ఏం కనబడ్డా కెప్టెన్ చెవిలోనే వేయాలి, మిగతావాళ్లకి కెప్టెనే చెప్తాడు. "మాట ఒక్కచోటికే రావాలి, ఒక్కచోటి నుంచే పోవాలి" అని మీసం దువ్వుకునేవాడు. ఆ ఒక్కచోటు తనే కదా మరి!

ఆ ఆదివారం పరీక్ష. పేరున్న ఓ పెద్ద దళం వీళ్లని కలుపుకోవాలనుకుంది. వాళ్ల పెద్దాయన ఎవరికీ కనబడకుండా ఆటంతా పైనుంచి చూస్తాడు. "పని తెలిసినవాళ్లని తీసుకుంటాం. ఎవడి వల్ల దళం చెడిందో వాణ్ని వదిలేస్తాం" అని ముందే చెప్పాడు. తోకకి పొద్దుటి నుంచి అన్నం సహించలేదు.

"బావా, నన్ను కూడా తీసుకుంటారంటావా?"

"వెనక చూడు, నోరు మూసుకో. తీసుకుంటారు."

నోరు మూసుకోవడం వాడి తరమా! ఆట మొదలైందో లేదో అందుకున్నాడు. "బావా, వెనక ఎవరూ లేరు. బావా, ఇంకా ఎవరూ లేరు." కెప్టెన్‌కి ఒళ్లు మండింది. పెద్దాయన చూస్తుంటే చెవిలో ఈ జోరీగ ఏమిటని, వాడి పేరు పక్కన నొక్కి, గొంతు వినబడకుండా మ్యూట్ చేసేశాడు. వంతెన దాటాక తీసేద్దామనుకున్నాడు. మర్చిపోయాడు మహానుభావుడు.

వంతెన మాత్రం అందంగా దాటారు. సగం మంది కాపు కాస్తుంటే సగం మంది పరుగు, మళ్లీ వాళ్లు ఆగితే వీళ్లు పరుగు. తోకని వంతెన ఇవతల కాపలా ఉంచి, మిగతావాళ్లు బయల్లోకి విచ్చుకున్నారు. కెప్టెన్ మురిసిపోయాడు. అంతలోనే వీపుల వెనక నుంచి తుపాకులు పేలాయి. దళంలో మెషిన్‌గన్ పట్టేవాడు, బయట డెంటిస్టు, ముందు పడ్డాడు, తర్వాత మిగతావాళ్లు, ఆఖరికి కెప్టెన్ బోర్లా బురదలో పడ్డాడు. తెర నల్లబడింది.

పెద్దాయన గొంతు వినబడింది. "మీ చివరివాడు బతికే ఉన్నాడు. శత్రువులు వాడి కళ్ల ముందే ఎండు కాలవలోంచి వెళ్లారు. వాడు కాల్చలేదు. కనీసం మీకు చెప్పాడా?"

అప్పుడు కనబడింది కెప్టెన్‌కి, వాడి పేరు పక్కన మ్యూట్ చేసిన ఎర్ర గీత. నిజం చెప్తే పోయేది తను. ఎర్ర గీత మీద మెల్లిగా నొక్కి, అది మాయమయ్యాక అన్నాడు.

"లేదండీ. చెప్పలేదు."

"అయితే వాణ్ని తీసేయండి. మీరంతా మాతో రండి."

కెప్టెన్ వాణ్ని దళంలోంచి తీసేశాడు. హెడ్‌సెట్ బల్ల మీద పెట్టేలోపే తోక పరిగెత్తుకొచ్చాడు. వెనకే వాళ్లక్క, చేతులు తుడుచుకుంటూ.

"బావా, చెప్పాను బావా! కాలవలో వస్తున్నారు, కాల్చనా, కాల్చనా అని మొత్తుకున్నాను. నువ్వు ఊ అనలేదు. నువ్వు చెప్పందే కాల్చకూడదు కదా!"

"నాకు ఒక్క ముక్క వినబడలేదురా."

"వంటింట్లోకి నాకు వినబడింది" అంది అక్క. "అంత అరుపు మీకెలా వినబడలేదండీ?"

బావ మీద తోకకి కోపం రాలేదు. రాకపోగా వాడి మొహం కాస్త తేటపడింది. "అయితే మైకు పాడైందక్కా! నేను చెప్పకపోలేదు, నా మాట బావకి చేరలేదంతే. ఉండు బావా, చూద్దాం. కంప్యూటర్లోంచే నాకు ఫోన్ కలుపు" అంటూ మళ్లీ తన గదిలోకి పరిగెత్తాడు.

కెప్టెన్ కలిపాడు. కలపక చస్తాడా, భార్య నెత్తి మీదే నిలబడి ఉంటే! బల్ల మీది హెడ్‌సెట్‌లోంచి తోక గొంతు గంట కొట్టినట్టు వచ్చింది. "బావా, వినబడుతోందా? బావా, నేనే."

భార్య హెడ్‌సెట్ వంక చూసింది, మొగుడి వంక చూసింది. ఆవిడకి అంతా అర్థమైపోయింది. "వాడికి నిజం చెప్పండి" అంది, గొంతు తగ్గించి.

కెప్టెన్ గోడ వైపు తిరిగి గట్టిగా అరిచాడు. "లేదురా! ఏమీ వినబడటం లేదు!"

"ఇప్పుడో బావా? దగ్గరగా పెట్టుకున్నా."

"లేదన్నానా! అది పోయింది, అవతల పారేయ్."

"సరే బావా" అంది హెడ్‌సెట్. కాసేపటికి అందులోంచే, మైకు నిజంగానే చచ్చిందనుకున్న మనిషి ఏడుపు వినబడసాగింది. భార్య అక్కడే నిలబడి విన్నది. కెప్టెన్ వాడి పేరు పక్కన మళ్లీ నొక్కాడు. ఎర్ర గీత వచ్చింది.