రక్తం కావాలంటే ఇక్కడ నొక్కండి

నవనీత మిర్యాలగూడలో వెబ్‌సైట్లు తయారుచేసేది. 2012లో రక్తదాతల సంఘం నడిపే భిక్షపతి కోసం చేసిన సైటంటే ఆమెకు మహా ముద్దు. తెరవగానే సంగీతం మోగుతుంది. ఎర్రటి చుక్క జారి సంఘం పేరుగా మారుతుంది. తర్వాత భిక్షపతి ఫోటో, ఆయన సందేశం.

ఒక మధ్యాహ్నం ఆమె ఏదో పనిమీద నెట్ సెంటర్‌కు వెళ్లింది. పక్క కంప్యూటర్‌లో తన సైటు సంగీతం గట్టిగా మోగింది. అక్కడ కూర్చున్న పెద్దాయన ఉలిక్కిపడి దాన్ని మూసేశాడు. అందరూ అటే చూశారు. మళ్లీ తెరిచాడు. ఎర్రచుక్క నింపాదిగా జారుతోంది. ఆయన మౌస్ టకటకా నొక్కుతూనే ఉన్నాడు.

"ఏం కావాలె సార్?" అని అడిగింది నవనీత.

"ఓ నెగెటివ్ బ్లడ్. నా బిడ్డ జానమ్మ కాన్పుకు దవాఖానల ఉన్నదమ్మా, ఆపరేషనంటున్నరు. ఇందుల దాతల నంబర్లుంటయని చెప్పిన్రు. గీ బొమ్మలే వస్తున్నయి."

ఆయన పేరు మత్తయ్య, మఠంపల్లిలో టీచరు. నవనీత మౌస్ అందుకుంది. తను చేసిన పేజీలే, ఒక్కొక్కటి తెరుచుకునేదాకా ఆగుతుంటే ఆమెకే ప్రాణం పోయినట్టయింది. చివరికి నంబరు దొరికింది. కిషన్ అనే దాత బండి మీద దవాఖానకు పరుగెత్తాడు. సాయంత్రానికి జానమ్మ కొడుకును కన్నది. ఇద్దరూ క్షేమం.

మర్నాడే నవనీత సంగీతం, చుక్క తీసేసింది. మొదటి పేజీలో బ్లడ్ గ్రూపులు మాత్రమే ఉంచింది. నొక్కితే నంబర్లు.

"నా ఫోటో ఏది చెల్లె? బోసిపోయింది గదా!" అన్నాడు భిక్షపతి.

"రక్తం కోసం వచ్చినోళ్లు పరేషాన్ల ఉంటరన్నా. ఫోటోలు సూసే ఓపిక యాడుంటది?"

దవాఖాన వరండాల్లో అలాంటి ముఖాలు ఎన్నో చూసినవాడు భిక్షపతి. "సరే, గట్లనే ఉండనియ్" అన్నాడు.

జానమ్మను చూడటానికి వెళ్లినప్పుడు నవనీత తన ఫోన్‌లో కొత్త సైటు తెరిచి ఇచ్చింది. "ఓ నెగెటివ్ దొరుకుతదేమో జర సూడు."

ఒళ్లో పసివాణ్ణి పెట్టుకుని జానమ్మ బొటనవేలితో నొక్కింది. "అక్షరాలు సిన్నగున్నయి అక్కా. ఒకటి నొక్కితే పక్కది తెరుసుకుంటున్నది."

నవనీతకు కోపం రాలేదు. మంచం అంచున కూర్చుని, ఆ వేలు ఎక్కడ పడుతోందో చూస్తూ, "ఇంకోసారి నొక్కు" అంది.