పీపాలో గురక

వెండెలీన్ బీరును పడుకోబెట్టాడంటే చాలు, ఆ వీధిలో జనం గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు. చెక్ దేశంలో, బీరుకి పేరుమోసిన పిల్సెన్ నగరానికి కూతవేటు దూరంలో ఉన్న ఊరది. అక్కడ ఇంటికొకరు బీరు కాస్తారు. కానీ నేలమాళిగ కిటికీలోంచి వీధిలోకి గురక వినిపించేది మాత్రం ఈయన పీపాదొక్కటే.

ఊరికే ఏదొస్తుంది చెప్పండి? అక్కడి బీరు చల్లటి చోట వారాల తరబడి నిద్రపోతే గానీ తేటపడదు. ఆ నిద్ర ఎవరో ఒకరు ఇవ్వాలి. పీపాకి బిరడా బిగించి, చెవి ఆనించి, "దేవుడు మేలు చెయ్యాలి" అన్నవాళ్ళ నిద్ర అందులోకి పోతుంది. ఇక పీపా తెరిచేదాకా వాళ్ళకి కునుకుండదు. మరొకరెవరైనా వచ్చి ఆ మాట అంటే, ఆ భారం వాళ్ళ మీదికి పోతుంది, మొదటివాళ్ళ నిద్ర వాళ్ళకి తిరిగొస్తుంది. ఎలాగూ మేలుకునే ఉంటాడు కదా అని పక్కింటి హెడ్వికా చిరిగిన మేజోళ్ళన్నీ తెచ్చి వెండెలీన్ ఒళ్ళో పడేసేది గానీ, ఆ మాట అన్న పాపాన మాత్రం ఎన్నడూ పోలేదు.

ఈసారి డాక్టరు ససేమిరా అన్నాడు. "నీ గుండె మునుపటిది కాదయ్యా. నిద్ర మానావంటే బీరు తేటపడేలోగా నువ్వు పోతావ్." సరిగ్గా ఈసారే కూతురు రాడ్కా పెళ్ళి.

"బీరు కొనుక్కుందాం నాన్నా" అంది రాడ్కా.

"కొన్న బీరుతో నా కూతురి పెళ్ళా? ఊళ్ళో తలెత్తుకోవద్దూ?"

"పోనీ మా నాన్న చేసిన ద్రాక్షసారా ఒక పీపా తెప్పిస్తాను మామగారూ" అన్నాడు పెళ్ళికొడుకు సిరిల్. పాపం, మంచికే అన్నాడు.

వెండెలీన్ ముఖం కందగడ్డ అయింది. సిరిల్‌ది మొరావియా, ద్రాక్షతోటల సీమ. ఇన్నాళ్ళుగా ఈ ఇంటికి వస్తున్నాడు, ఒక్క గ్లాసు బీరు పూర్తిగా తాగింది లేదు. "ఎవడయ్యా నీకు మామ? నా పీపా తెరిచిన రోజే పెళ్ళి. పీపా లేదూ, పెళ్ళీ లేదు!"

అన్నట్టే మొదలుపెట్టాడు. మొలకెత్తిన బార్లీ గంజిలోంచి కొంత తోడి, విడిగా మరిగించి, మళ్ళీ అందులోనే పోసి, అలా మూడు విడతలు కాచాడు. సిరిల్ చెమటలు కక్కుతూ గరిట తిప్పాడు. "అడుగంటుతోంది, కలుపు! ద్రాక్షపళ్ళు తొక్కడం కాదిది!" అంటూ వెండెలీన్ వాడి ప్రాణం తోడేశాడు. చివరికి పీపా నింపి, చెవి ఆనించి ఆ మాట అనేశాడు. గురక మొదలైంది.

కొన్నాళ్ళు బాగానే ఉన్నాడు. తర్వాత కాళ్ళు తేలిపోసాగాయి. ఒక సాయంత్రం నేలమాళిగ మెట్ల మీద తూలిపోతుంటే సిరిల్ పట్టుకున్నాడు.

"వదులు, నాకేం కాలేదు."

"మీకేం కాలేదు మామగారూ. మెట్లే తూలాయి."

వెండెలీన్ గుర్రుగా చూసి, వంటింట్లోకి పోయి కుర్చీలో కూలబడ్డాడు.

కళ్ళు తెరిచేసరికి ఎండ మొహాన కొడుతోంది. కళ్ళు తెరిచేసరికా! అంటే మూతపడ్డాయన్నమాట. నిద్ర తన దగ్గరికొచ్చేసిందంటే పీపా మేలుకున్నట్టే, బీరు పాడైనట్టే కదా! అవతల రాడ్కా పెళ్ళి కబురు చెబుతూ ఇరుగుపొరుగుకి గసగసాల రొట్టెలు పంచుతోంది. "కొంప మునిగిందిరా దేవుడో!" అంటూ ఒంటికాలి చెప్పుతో కిందికి పరిగెత్తాడు.

గురక వినిపిస్తూనే ఉంది. కానీ అది తనది కాదు. తన గురక రంపం కోతలా ఉంటుందని వీధి వీధంతా ఎరుగును. ఇదేమో తీరుబడిగా సాగి, చివర్లో ఒక కూనిరాగం తీస్తోంది, అదీ మొరావియా పాట వరసలో.

పీపా పక్కన సిరిల్ కూర్చుని ఉన్నాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఒళ్ళో హెడ్వికా మేజోడు, చేతిలో సూది.

"నువ్వా?"

"నిన్న మీరు కుర్చీలో పడ్డాక వచ్చి చెవి ఆనించాను. మీరన్న మాటే అన్నాను మామగారూ, అక్షరం మార్చలేదు."

"నీకు బీరంటేనే గిట్టదు కదరా!"

"గిట్టదు. చేదు. కానీ మీకేమన్నా అయితే రాడ్కా తట్టుకోలేదు." సిరిల్ మేజోడు వంక చూస్తూ గొణిగాడు. "నేనూ తట్టుకోలేను."

వెండెలీన్‌కి సిగ్గేసింది. ఆ వెనకే ఆనందమూ పొంగింది. అయినా పౌరుషం ఎక్కడికి పోతుంది? తన బరువు తానే మోద్దామని పీపా మీదికి వంగి చెవి ఆనించాడు. నోరు తెరిచాడు. లోపల ఆ కూనిరాగం హాయిగా సాగుతోంది. కాసేపు విన్నాడు. నోరు మూసుకుని వచ్చి సిరిల్ పక్కన కూర్చున్నాడు.

"సూది అలాగేనా పట్టుకునేది? ఇటివ్వు."

ఇంతలో వీధిలోంచి హెడ్వికా కిటికీలోకి తల దూర్చి కేకేసింది. "ఏమయ్యా వెండెలీన్! రొట్టెలైతే ముట్టాయి. ఇంతకీ పెళ్ళి ఉన్నట్టా, లేనట్టా?"

వెండెలీన్ చటుక్కున పెదవుల మీద వేలు పెట్టుకుని, పీపా వైపు చూపించాడు.

"నెమ్మదమ్మా, నెమ్మది! మా అల్లుడు నిద్రపోతున్నాడు."