తిట్టని అవ్వ

బొసంగ్ అవ్వ తిట్టకుండా పోసిన సూప్ ఆ ఊళ్ళో ఎవరికీ వంటబట్టదు. కొరియాలో చొల్లా సీమకి దక్షిణాన, బస్టాండు పక్కనే ఆమె అంగడి. పంది ఎముకల సూపు, అందులో వేడన్నం, పక్కన కిమ్చీ అనే ముల్లంగి ఊరగాయ, వాటితో పాటు నాలుగు తిట్లు. తిట్టిందంటే మనవాడనుకున్నట్టు. తిట్టలేదంటే ఆ మనిషి ఇంటికెళ్ళి తను చేసిన పాపమేమిటో ఆలోచించుకోవాల్సిందే.

అలాంటి అవ్వ నోటికి తాళం పడింది, చిలగడదుంపల వల్ల. వసంతంలో సహకార సంఘం వాళ్ళు ఇంటింటికీ తిరిగి, దుంపలు వేయండి, ఆఖరి బస్తా దాకా మేమే కొంటాం అన్నారు. ఊరంతా వేసింది. అవ్వ కూడా తన కొండవాలు చెక్కంతా వేసింది. తీరా తవ్వాక సంఘం మొహం చాటేసింది. బస్తాలు రోడ్డు వెంట బారులు తీరి పడున్నాయి. ఇంకో పదిరోజుల్లో మంచు గడ్డకడితే అన్నీ కుళ్ళి నీరైపోతాయి. ఆపైన చలికాలమంతా ఊరేం తింటుందో దేవుడికే ఎరుక.

ఇన్‌బే అని నలభై ఏళ్ళ రైతు, మాట మెత్తన, పట్టు గట్టి. అందరినీ తీసుకొచ్చి సంఘం వాకిట్లో కూర్చోబెట్టాడు. రాయి ముట్టొద్దన్నాడు, చెయ్యెత్తొద్దన్నాడు. మూడోది చెప్పేటప్పుడు అవ్వ వైపు చూశాడు. తిట్టొద్దు. ఎక్కడినుంచో వచ్చిన పోలీసు నోటుబుక్కు తెరిచి కూర్చున్నాడు. ఒక్క బూతు దొరికితే చాలు, అందర్నీ వ్యానెక్కిస్తారు, ఇక దుంపల గురించి అడిగే దిక్కుండదు.

"అయితే నన్ను ఇంటికి పొమ్మను," అంది అవ్వ.

"నువ్వు పోతే ఎలా అవ్వా? ముందు వరసలో, గుమ్మం పక్కన కూర్చోవాల్సింది నువ్వే."

గడ్డివాము పక్కన కుంపటి పెడతావేంట్రా అని ఊరు లబలబలాడింది. అవ్వే నోరు కట్టుకుంటే ఇక నోరు జారడానికి ఎవడికి మొహం చెల్లుతుంది అన్నాడు ఇన్‌బే. అన్నట్టే అయింది. పోలీసు బూటుకాలితో పాదం తొక్కినా కిమ్మనకుండా పచ్చిదుంప నములుతున్న అవ్వను చూసి, జేబుల్లో రాళ్ళు వేసుకొచ్చిన కుర్రాళ్ళు సిగ్గుపడి వాటిని కాలవలో పారేసొచ్చారు.

సంఘం అధ్యక్షుడు మాన్‌షిక్ అవ్వ సూప్ తాగి పెరిగినవాడే. తల్లిలేని పిల్లాణ్ణి తిట్టి తిట్టి బడికి తోలింది ఆవిడే. మొదటిరోజు అతను తిట్లకు సిద్ధపడి, తలొంచుకుని వచ్చాడు. అవ్వ లేచి నడుం వంచి దణ్ణం పెట్టింది.

"దయచేయండి అధ్యక్షులవారూ. రాత్రి తమకి నిద్ర బాగా పట్టిందాండీ?"

మాన్‌షిక్ మొహంలో నెత్తురు చుక్క లేదు. గడప తట్టుకుని పడబోయాడు. రెండోరోజూ అదే మర్యాద, మూడోరోజూ అదే. నాలుగోరోజు నుంచి దొడ్డిదారిన రావడం మొదలుపెట్టాడు. అవ్వ తన చాప దొడ్డివైపుకి మార్చుకుంది. ఏడోనాటికి మనిషి సగమయ్యాడు, బెల్టుకి కొత్త బెజ్జం పడింది.

తొమ్మిదోరోజు పొద్దున్నే వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అవ్వా, ఒక్కసారి తిట్టవే. నీ కాళ్ళు పట్టుకుంటా."

చిక్కిపోయిన ఆ మొహం చూస్తే అవ్వకి ప్రేమ పొంగుకొచ్చింది, ప్రేమతో పాటే ఘాటైన బూతు నాలుక చివరికొచ్చింది. పక్కనే పోలీసు పెన్ను మూత తీశాడు. అవ్వ రోడ్డు మీది బస్తాల వైపు చూసింది. వచ్చిన బూతును మింగేసింది. చేపముల్లు మింగినట్టుంది.

"తమరంతటివారితో మాకంత చనువెక్కడిదండీ," అంది.

మాన్‌షిక్ లేచి లోపలికెళ్ళాడు. దుంపలు కొంటారా, నా రాజీనామా తీసుకుంటారా అని జిల్లా ఆఫీసు వాళ్ళ మీద ఫోన్లో అతను అరవడం వాకిట్లో అందరికీ వినిపించింది. మధ్యాహ్నానికి కాటా బయటికొచ్చింది.

ఆఖరి బస్తా లారీ ఎక్కిన సాయంత్రం అతను అంగడి గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. అవ్వ ఇన్‌బే వైపు చూసింది. అంతా అయిపోయింది, ఇక నీ ఇష్టం అన్నాడు ఇన్‌బే.

"కూర్చో చచ్చినోడా. ఊరి నోట్లో మట్టి కొట్టబోయిన దరిద్రుడా, ఎముకలు తేలిపోయాయి కదరా. తిని చావు, చల్లారిపోతోంది. నా నోరు కట్టేసిన సన్నాసీ, నువ్వూ కూర్చో."

మాన్‌షిక్ ఏడుస్తూనే రెండు గిన్నెలు ఖాళీ చేశాడు. ఇన్‌బే మూడోది అడిగి ఇంకో నాలుగు తిట్లు తిన్నాడు.

మూల బల్ల దగ్గర నోటుబుక్కు పోలీసు కూడా సూప్ తాగుతున్నాడు. అవ్వ గరిటె పట్టుకుని అతని దగ్గరికెళ్ళి, నడుం వంచి, ఇంకాస్త వడ్డించమంటారాండీ అని ఎంతో మర్యాదగా అడిగింది. అతను చెంచా కింద పెట్టేశాడు.