ఒకటి లేని మిషను

ఇరవై రెండేళ్లు అమీర్‌పేటలో టైపు నేర్పాను. మీటల మీద గుడ్డ కప్పి, చూడకుండా కొట్టించేదాన్ని. పేజీలో ఒక్క తప్పు పడినా కాగితం చింపి చేతిలో పెట్టేదాన్ని. తొంభై తొమ్మిదిలో మా యజమాని రామ్మోహనరావుగారు మిషన్లన్నీ పాత ఇనుము కింద తూకానికేసి, కంప్యూటర్లు తెప్పించి, బోర్డు మీద 'జావా' అని రాయించారు.

"కమలకుమారిగారూ, రేపు డెమో క్లాసులో మన ఫ్యాకల్టీకి టైపు చేసిపెట్టండి. మీ వల్ల ఏ ఇబ్బందీ రాకపోతే ల్యాబులో ఉంచుకుంటాను. వస్తే మాత్రం మీ దారి మీరు చూసుకోవాలండీ," అన్నారు.

ఆ ఫ్యాకల్టీ రవికాంత్. మెడలో టై, నోటి నిండా అమెరికా. మూడు నెలల కోర్సు చేసి గురువైపోయిన మొహం. కోడి గింజలు ఏరుకున్నట్టు రెండు వేళ్లతో కొడతాడు. నా దగ్గరైతే టైపు లోయరు పరీక్ష కూడా గట్టెక్కేవాడు కాదు. అలాంటివాడి కోసం పంజగుట్ట హాస్టళ్ల నుంచి డెబ్బై మంది వచ్చి కూర్చున్నారు.

"మేడం, జర గిది కొట్టుండ్రి," అని ప్రోగ్రాం రాసిన కాగితం ఇచ్చాడు. దాని మీంచి చూపు తిప్పకుండా నిమిషంలో కొట్టేశాను. హాలంతా నోరు తెరిచింది. గర్వపడ్డాను, దాచుకోవడం దేనికి!

ప్రోగ్రాం నడవలేదు. తప్పు మూడో లైన్లో ఉందని తెరే చెబుతోంది, అయినా అతగాడికి దొరకదు. పావుగంట వెతికాడు.

"అంత మంచిగనే ఉన్నది గదా... సిస్టంలనే ఏదో పరేషాన్ ఉన్నది," అని గొణిగాడు. వెనక వరుసలు లేచిపోతున్నాయి. నాకు లోలోపల సంతోషంగానే ఉంది.

అప్పుడు కనబడింది. మా పాత మిషన్లలో 'ఒకటి' అంకెకు మీటే ఉండేది కాదు. అచ్చం దానిలాగే కనబడే చిన్న 'ఎల్' కొట్టి ఒకటి అనుకునేవాళ్లం. ఇక్కడా అదే కొట్టాను. నోరు మూసుకుంటే వాడి పరువు పోతుంది, తెరిస్తే నా ఉద్యోగం పోతుంది. కానీ పేజీలో తప్పు పెట్టుకుని కూర్చోవడం నాకు చేతకాదు.

"మూడో లైన్లో ఉన్నది ఒకటి కాదు, ఎల్. నేనే కొట్టాను," అన్నాను.

రవికాంత్ క్షణం బిత్తరపోయి, వెంటనే టై సర్దుకున్నాడు. "చూసిన్రా? కావాలనే పెట్టించిన. మీల ఎవరు పట్టుకుంటరో చూద్దామని!"

చప్పట్లు మోగాయి. ఆ పూటే నలభై మంది చేరారు. రామ్మోహనరావుగారు చేతులు రుద్దుకుంటూ వచ్చారు. "భలే ఐడియా అండీ! ఉద్యోగం మీదే. ప్రతి డెమోలోనూ ఇలాగే ఓ తప్పు కొట్టండి."

కొడుతున్నాను. ఆ ఒక్క తప్పు కొట్టడానికి మాత్రం మీటల వంక చూడాల్సి వస్తోంది.